మన ఎర్రమట్టి భారలోహాలను ఎంత గట్టిగా పట్టుకుంటుందో కొలవడం ఎలా

నేలను పరీక్షకు పంపితే ప్రయోగశాల నుంచి వచ్చే కాగితం మీద సీసం, రాగి, జింకు, కాడ్మియం పేర్ల పక్కన కిలో మట్టికి ఇన్ని మిల్లీగ్రాములని ఒక్కొక్క అంకె ఉంటుంది. ఆ అంకె మొత్తం లోహాన్ని చెబుతుందే గాని, అందులో ఎంత భాగం వాననీటితో బావిలోకి దిగగలదో, ఎంత తోటకూర వేళ్లకు అందగలదో, ఎంత మట్టి రేణువును విడవకుండా ఉండిపోతుందో చెప్పదు. ఆ సంగతి లోహపు అయాను ఏ ఖనిజం ఉపరితలం మీద, ఏ రకమైన బంధంతో నిలిచి ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000 సంవత్సరంలో ఆగిపోయింది. కాని అంతకుముందు దశాబ్దాల పాటు రోడ్ల పక్కన పడిన సీసం ఎక్కడికీ కొట్టుకుపోలేదు, చాలా చోట్ల పైపొరలోనే ఉండిపోయింది. వానలన్నీ తట్టుకుని అది అక్కడే నిలిచిందంటే ఖనిజాలు, నేలలోని సేంద్రియ పదార్థం దాన్ని పట్టుకున్న తీరే కారణం.

విశాఖపట్నం పరిసరాల్లో చదువుతున్న డిగ్రీ, పీజీ రసాయనశాస్త్ర విద్యార్థులు, వారి చేత ప్రాజెక్టులు చేయించే అధ్యాపకులు ఆ పట్టును తామే కొలిచి చూసుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. పెరట్లో కూరగాయలు పెంచుకునే వారికి మట్టి సేకరణ, పీహెచ్ పరీక్ష, సున్నం గురించిన భాగాలు సరిపోతాయి.

ముందు తెలుసుకోవలసినది: రెండు రకాల పట్టు

మట్టిలోని ఖనిజ రేణువుల మీద విద్యుదావేశం రెండు దారుల్లో వస్తుంది. మాంట్‌మొరిల్లొనైట్ వంటి బంకమట్టి ఖనిజాల స్ఫటికంలో అల్యూమినియం ఉండవలసిన చోట మెగ్నీషియం, సిలికాన్ ఉండవలసిన చోట అల్యూమినియం చేరడం వల్ల పొరల మీద శాశ్వతమైన ఋణావేశం మిగిలిపోతుంది. ఈ ఆవేశం ధనాయానులను తన వైపు లాగుతుంది, కాని అయాను తన చుట్టూ ఉన్న నీటి అణువుల తొడుగును విడవదు. ఉపరితలానికీ దానికీ మధ్య నీరు ఉంటూనే ఉంటుంది. కాల్షియమో, సోడియమో అధికంగా వస్తే లోహం తన చోటు వదిలి పోతుంది. అయాన్ వినిమయమని మనం చెప్పుకునేది ఇదే. అమ్మోనియం లవణాన్ని మట్టి గుండా పోస్తే కిందికి కాల్షియం లవణం దిగుతుందని ఇంగ్లండులో థామస్ వే 1850లోనే చూపించారు.

ఇనుము, అల్యూమినియం, మాంగనీసు ఆక్సైడ్ల మీద, కయోలినైట్ అనే మరో బంకమట్టి ఖనిజపు రేణువుల అంచుల మీద జరిగేది వేరు. అక్కడ ఉపరితలమంతా హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. సీసం లేదా రాగి అయాను దగ్గరికి వచ్చినప్పుడు హైడ్రాక్సిల్ తన ప్రోటానును వదులుతుంది, అయాను తన నీటి తొడుగులో కొంత భాగాన్ని వదులుతుంది, ఆక్సిజనుకూ లోహానికీ నేరుగా బంధం ఏర్పడుతుంది. గోథైట్ అనే ఇనుప ఆక్సైడ్ ఖనిజం మీద చేరిన సీసాన్ని ఎక్స్-కిరణ శోషణ వర్ణపటాలతో పరిశీలించినప్పుడు సీసానికీ ఇనుముకూ మధ్య దూరాన్ని కొలవగలుగుతున్నారంటే, ఆ రెంటి మధ్య నీటి పొరకు చోటు లేదనే అర్థం. మొదటి రకం పట్టు చేతికి వేసుకున్న గాజు వంటిది, రెండోది పచ్చబొట్టు వంటిది.

రెండో రకం పట్టు కేవలం విద్యుదాకర్షణ కాదనడానికి మరో బలమైన సాక్ష్యం ఉంది. గోథైట్ ఉపరితలం సుమారు 7.5 నుంచి 9 మధ్య పీహెచ్ వద్ద నికర ఆవేశం లేకుండా ఉంటుంది, అంతకన్నా తక్కువ పీహెచ్‌లో ధనావేశంతో ఉంటుంది. అయినా పీహెచ్ 5 దగ్గర, అంటే ఉపరితలమూ అయానూ రెండూ ధనావేశంతో ఉండి పరస్పరం వికర్షించుకోవలసిన స్థితిలోనే, సీసం గోథైట్‌కు గణనీయంగా అంటుకుంటుంది. వికర్షణను అధిగమించగల రసాయన బంధం ఉంటేనే ఇది సాధ్యం.

ఏ లోహం ఎంత సులభంగా అంటుకుంటుందో ఊహించడానికి ఒక సూచన ఉంది. నీటిలో ఏ అయాను తక్కువ పీహెచ్‌లోనే హైడ్రాక్సైడుతో జతకడుతుందో, అదే ఖనిజపు హైడ్రాక్సిల్‌తోనూ ముందుగా జతకడుతుంది. ఈ జతకట్టడాన్ని, అంటే మొదటి జలవిశ్లేషణను, కొలిచే పీకే విలువ (ఇది తక్కువైతే అంత సులభంగా జతకడుతుందని అర్థం) సీసానికి సుమారు 7.7, జింకుకు 9, కాడ్మియానికి 10.1. అందుకే ఇనుప ఆక్సైడ్ల మీద సీసం, రాగి ముందుంటాయి, జింకు మధ్యలో ఉంటుంది, కాడ్మియం వెనకబడుతుంది. పైరుకూ మనిషికీ కాడ్మియం అంత ఇబ్బంది కలిగించడానికి నేలలో దాని పట్టు సడలి ఉండటం ఒక ముఖ్య కారణం.

ఆర్సెనిక్, ఆరు సంయోజకత గల క్రోమియం మాత్రం ఈ వరుసలో ఇమడవు. అవి నేలలో ఋణాయానులుగా ఉంటాయి కనుక వాటి ప్రవర్తన తలకిందులుగా ఉంటుంది: సీసం, రాగి వంటివి పీహెచ్ పెరిగేకొద్దీ అంటుకుంటే, పీహెచ్ తగ్గేకొద్దీ ఆర్సెనేట్, క్రోమేట్ ఇనుప ఆక్సైడ్లకు ఎక్కువగా అంటుకుంటాయి, పెరిగేకొద్దీ వదులుతాయి. ఈ ఒక్క విషయం మరచిపోయి అన్ని లోహాలకూ పీహెచ్‌ను పెంచే సున్నమే మందు అనుకునే వారు ఉన్నారు.

మన నేలలో ఏ ఖనిజాలు ఉన్నాయి

సింహాచలం కొండ, కంబాలకొండ, కైలాసగిరి అన్నీ తూర్పు కనుమలకు చెందిన ఖోండలైట్ శిలతో ఏర్పడినవే. ఈ శిలకు పేరు కనుమల్లో నివసించే ఖోండు జాతి వారిని బట్టి వచ్చింది. ఇందులోని ఫెల్డ్‌స్పార్ వేడికీ వానకూ చివికి కయోలినైట్‌గా మారుతుంది, గార్నెట్‌లోని ఇనుము హెమటైట్, గోథైట్ పూతలుగా రేణువుల మీద పేరుకుంటుంది. కనుమల పైభాగంలో ఈ ప్రక్రియ ఇంకా ముందుకు సాగి బాక్సైట్ ఏర్పడింది. అక్కడ గిబ్సైట్ అనే అల్యూమినియం హైడ్రాక్సైడ్ ముఖ్య ఖనిజం.

కయోలినైట్ కేటయాన్ వినిమయ సామర్థ్యం, అంటే వినిమయం కాగల ధనాయానులను పట్టి ఉంచే శక్తి, కిలోకు 3 నుంచి 15 సెంటీమోల్‌లు మాత్రమే. మాంట్‌మొరిల్లొనైట్‌కు అది 80 నుంచి 150 దాకా ఉంటుంది. ఆ అంకె ఒక్కటే చూసిన వారు మన ఎర్రమట్టికి లోహాలను ఆపే శక్తి లేదని తీర్పు చెప్పేస్తారు. అది తొందరపాటు. ఎర్రరంగు ఇచ్చే ఆ పలుచని ఇనుప పూత బరువులో కొద్ది శాతమే అయినా, ఉపరితల వైశాల్యంలో దాని వాటా పెద్దది, సీసాన్నీ రాగినీ గట్టిగా పట్టుకునేదీ అదే. కాకపోతే ఆ పట్టు పూర్తిగా పీహెచ్ చేతిలో ఉంటుంది. ఆమ్లత్వం పెరిగితే పోతుంది. పల్లపు భూముల్లో, గెడ్డల వెంట చేరిన జిగురుమట్టి తీరు వేరు, సముద్రపు ఇసుక తీరు వేరు. అందువల్ల ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి పరీక్షిస్తే మంచి ప్రాజెక్టు అవుతుంది.

మట్టి సేకరణ

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు చూడగానే నమూనా తీసుకోవాలనిపించడం సహజమే గాని, అది భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన రక్షిత ప్రదేశం. అక్కడ గుప్పెడు మట్టి కూడా తవ్వకూడదు. ఆనందపురం, పద్మనాభం వైపు మెట్ట పొలాల్లో యజమానిని అడిగి తీసుకున్న మట్టి మన పనికి చక్కగా సరిపోతుంది.

పైరు వేళ్ల సంగతి తెలియాలంటే 15 సెంటీమీటర్ల లోతు వరకు, గాలి ద్వారా వచ్చి పడిన లోహం సంగతి తెలియాలంటే పై 5 సెంటీమీటర్లు మాత్రమే తీయాలి. ఒక్క గుంట మట్టిని నమ్మకూడదు. ఒకే రకంగా కనిపించే చెక్కలో పది పదిహేను చోట్ల తీసి, ప్లాస్టిక్ షీటు మీద కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు ఉంచుకుంటూ అరకిలోకు తగ్గించాలి. ఇక్కడే చాలా ప్రాజెక్టులు తెలియకుండా పాడవుతాయి: రేకు తట్టల మీద పూత జింకు, ప్రయోగశాలల్లో ఉండే ఇత్తడి జల్లెడలో రాగి, జింకు రెండూ ఉంటాయి. ఏ లోహాన్ని వెతుకుతున్నామో దాన్నే మనం మట్టిలో కలుపుతున్నట్టు. స్టెయిన్‌లెస్ స్టీలు తాపీ, ప్లాస్టిక్ బకెట్టు, 2 మిల్లీమీటర్ల కన్ను గల నైలాన్ జల్లెడ వాడాలి. మట్టిని నీడన ఆరబెట్టాలి గాని పొయ్యి మీదా, ఓవెన్‌లో ఎక్కువ వేడి మీదా ఎండబెట్టకూడదు. వేడికి ఇనుప, మాంగనీసు ఆక్సైడ్ల ఉపరితలాలు మారిపోతాయి.

గంటలో తేలిపోయే పరీక్షలు

పీహెచ్ తెలియకుండా లోహాలను కొలిపించడం డబ్బు దండగ అని నా దృఢమైన అభిప్రాయం. 10 గ్రాముల మట్టికి 25 మిల్లీలీటర్ల స్వేదనజలం కలిపి, అరగంట పాటు మధ్యమధ్య కలియబెట్టి పీహెచ్ మీటరుతో కొలవాలి. మరో 10 గ్రాములకు నీటి బదులు ఒక మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణం పోసి అలాగే కొలవాలి. రెండో విలువలోంచి మొదటి విలువను తీసివేస్తే వచ్చేది బాగా ఋణాత్మకంగా ఉంటే ఉపరితలాల మీద నికరంగా ఋణావేశం ఉందని, సున్నాకు దగ్గరగా గాని ధనాత్మకంగా గాని ఉంటే ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్ల ప్రభావం బలంగా ఉందని గ్రహించవచ్చు. ఇంత చవకగా ఇంత సమాచారం ఇచ్చే పరీక్ష మరొకటి లేదు.

సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే నురగ వచ్చిన మట్టిలో కార్బొనేట్లు ఉన్నట్టు. తీరపు ఇసుకలో గవ్వల ముక్కల వల్ల ఇది తరచు కనిపిస్తుంది, అలాంటి చోట సీసం, కాడ్మియం కార్బొనేట్లతో కూడా చేరతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేసినప్పుడు నల్లని మచ్చల దగ్గర జోరుగా పొంగితే మాంగనీసు ఆక్సైడ్ ఉండవచ్చు. సేంద్రియ పదార్థం కూడా పొంగుతుంది కనుక దీన్ని సూచనగానే తీసుకోవాలి. మాంగనీసు ఆక్సైడ్ల శూన్యావేశ పీహెచ్ (నికర ఆవేశం లేకుండా ఉండే పీహెచ్) 2 దగ్గర ఉండవచ్చు. అందుచేత మామూలు నేలలో అవి ఎప్పుడూ ఋణావేశంతో ఉండి సీసాన్ని ఎంతో ఇష్టంగా పట్టుకుంటాయి. అవే మూడు సంయోజకత గల క్రోమియాన్ని విషపూరితమైన ఆరు సంయోజకతకు మార్చగలవు కూడా.

అసలు ప్రయోగం: పట్టును కొలవడం

డిగ్రీ విద్యార్థులు రాగి, జింకు నైట్రేట్లతో చేస్తే చాలు. సీసం, కాడ్మియం లవణాలను పీజీ స్థాయిలో, అధ్యాపకుల సమక్షంలో మాత్రమే తాకాలి. చేతి తొడుగులు, కళ్లద్దాలు ఏ లోహానికైనా తప్పనిసరి. క్లోరైడ్ లవణాలు వాడకపోవడం మంచిది, ఎందుకో తరువాత చెబుతాను. గాజు గోడలకు లోహాలు అంటుకుంటాయి కనుక పాలీప్రొపిలీన్ గొట్టాలు వాడి, వాటిని పది శాతం నైట్రిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి స్వేదనజలంతో కడగాలి.

ఒక్కొక్క గొట్టంలో 1 గ్రాము మట్టి వేసి, 0.01 మోలార్ సోడియం నైట్రేట్‌లో తయారుచేసిన లోహ ద్రావణం 25 మిల్లీలీటర్లు పోయాలి. పీహెచ్ ప్రభావం చూడటానికి అన్ని గొట్టాల్లోనూ లీటరుకు 5 మిల్లీగ్రాముల లోహమే ఉంచి, సజల నైట్రిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలతో పీహెచ్‌ను 3.5 నుంచి 7.5 వరకు అరఅర చొప్పున మార్చాలి. 24 గంటలు షేకర్ మీద ఊపి, పీహెచ్‌ను మళ్లీ కొలిచి, ఆ చివరి విలువనే రాసుకోవాలి. సెంట్రిఫ్యూజ్ చేసి, 0.45 మైక్రాన్ల వడపోత గుండా పంపి, చుక్క నైట్రిక్ ఆమ్లం వేసి నిల్వ ఉంచి, అటామిక్ అబ్జార్ప్షన్ స్పెక్ట్రోమీటరులో చదివించాలి.

మట్టి వేయని గొట్టాలను ప్రతి పీహెచ్ వద్దా తప్పక పెట్టాలి. పీహెచ్ 6 దాటిన తరువాత రాగి, 8కి చేరువవుతుండగా జింకు తమంతట తామే హైడ్రాక్సైడులుగా అడుగుకు దిగవచ్చు. మట్టి లేని గొట్టంలో కూడా లోహం మాయమైతే అది ఉపరితలం పని కాదు, అవక్షేపణ. ఈ రెంటినీ వేరు చేయని ఫలితానికి విలువ లేదు.

చివరి పీహెచ్‌ను అడ్డంగా, మట్టికి చేరిన శాతాన్ని నిలువుగా గీస్తే నిటారుగా లేచే వంపు కనిపిస్తుంది. సాధారణంగా రెండు పీహెచ్ ప్రమాణాల వెడల్పులోనే పట్టు దాదాపు శూన్యం నుంచి దాదాపు నూరు శాతానికి చేరుతుంది. సగం లోహం చేరిన పీహెచ్‌ను గుర్తించి లోహాలను పోల్చండి. రాగి వంపు ఎడమన, జింకు వంపు దానికి కుడిన వస్తుంది. మీ పొలపు పీహెచ్ ఆ నిటారు భాగంలో పడితే, కొద్దిపాటి ఆమ్లత్వం పెరిగినా లోహం నీటిలోకి వస్తుందని హెచ్చరికగా తీసుకోవాలి. అమ్మోనియం ఎరువులు ఏళ్ల తరబడి వేసిన నేలల్లో ఆ ఆమ్లత్వం రావడం కొత్త కాదు.

ఇదే ప్రయోగాన్ని 0.1 మోలార్ సోడియం నైట్రేట్‌తో మరోసారి చేస్తే బంధం ఏ రకమో కూడా తెలుస్తుంది. ఉప్పు పది రెట్లు పెరిగినప్పుడు పట్టు బాగా పడిపోతే అది నీటి తొడుగుతో నిలిచిన వినిమయ బంధం; వంపు కదలకుండా ఉంటే నేరుగా ఏర్పడిన బంధం. మన ఎర్రమట్టిలో పీహెచ్ తక్కువగా ఉన్నప్పుడు మొదటిదీ, పెరిగాక రెండోదీ ప్రధానంగా కనిపించే అవకాశం ఉంది. ఒకే గ్రాఫులో రెండు ప్రవర్తనలూ చూడటం విద్యార్థికి గొప్ప పాఠం.

ఎంత పట్టగలదన్నది తెలియాలంటే పీహెచ్‌ను 5.5 వద్ద స్థిరంగా ఉంచి లోహ గాఢతను లీటరుకు 2 నుంచి 80 మిల్లీగ్రాముల వరకు మార్చాలి. లెక్క సులభం. మొదట 20, చివరికి 4 మిల్లీగ్రాములు ఉంటే లీటరుకు 16 తగ్గినట్టు. 25 మిల్లీలీటర్లలో అది 0.4 మిల్లీగ్రాములు, గ్రాము మట్టికి చేరింది కనుక కిలోకు 400 మిల్లీగ్రాములు. ఈ 400ను నీటిలో మిగిలిన 4తో భాగిస్తే వచ్చే 100, లీటరు పర్ కిలో ప్రమాణంలో, పంపిణీ గుణకం; అది ఎంత ఎక్కువైతే పట్టు అంత గట్టిది. చివరి గాఢతను చేరిన మొత్తంతో భాగించి, ఆ విలువను చివరి గాఢతకు ఎదురుగా గీసినప్పుడు సరళరేఖ వస్తే, దాని వాలుకు విలోమం గరిష్ఠ సామర్థ్యం అవుతుంది. ఇర్వింగ్ లాంగ్మ్యూర్ 1918లో వాయువుల కోసం ప్రతిపాదించిన సమీకరణమే ఇది. మట్టిలో స్థానాలన్నీ ఒకే బలం గలవి కావు కనుక రేఖ వంగితే ఆశ్చర్యపోనక్కరలేదు.

వదిలించి చూడటం

పట్టుకున్న మట్టిని పారేయకండి. దాని మీద ఒక మోలార్ మెగ్నీషియం క్లోరైడ్ పోసి గంట ఊపితే వచ్చేది సులభంగా వదిలే భాగం. తరువాత లోహాలతో గట్టిగా జతకట్టే ఈడీటీఏ అనే రసాయనపు 0.05 మోలార్ ద్రావణంతో ఊపితే వచ్చేది, గట్టిగా పట్టుబడినా రసాయన శక్తితో విడిపించగల భాగం. టెస్సియర్ బృందం 1979లో రూపొందించిన అయిదు దశల నిస్సారణ పద్ధతి ఇంకా వివరంగా ఉంటుంది గాని, మొదటి ప్రాజెక్టుకు ఈ రెండు దశలు చాలు. వీలైతే కొన్ని గొట్టాలను ఒక రోజు బదులు నెల రోజులు తడిగా ఉంచి వదిలించి చూడండి. కాలం గడిచేకొద్దీ అయానులు ఆక్సైడ్ల సూక్ష్మరంధ్రాల్లోకి పాకి, వదలడం తగ్గుతుంది.

సముద్రం, వరద, ఎరువు

తీరప్రాంతపు వారమైన మనకు ఉప్పునీటి సంగతి ప్రత్యేకమైనది. క్లోరైడు ఎక్కువైతే కాడ్మియం దానితో జతకట్టి నీటిలోనే ఉండిపోతుంది, ఖనిజానికి అంటుకోదు. ఉప్పుబావి నీటితో తడిపిన తోటలో కాడ్మియం పైరుకు ఎక్కువగా అందవచ్చు. ప్రయోగంలో క్లోరైడ్ లవణాలు వద్దన్నది ఇందుకే. పల్లపు వరి మడిలో నీరు రోజుల తరబడి నిలిస్తే సూక్ష్మజీవులు ఇనుప ఆక్సైడ్లను కరిగిస్తాయి, వాటి మీద ఉన్న ఆర్సెనిక్ నీటిలోకి వస్తుంది. ఫాస్ఫేట్ ఎరువు కూడా ఆర్సెనేట్ స్థానాలను తానే ఆక్రమించి దాన్ని తరిమేస్తుంది. పచ్చి పేడ, సరిగా మాగని కంపోస్టు నుంచి కరిగే సేంద్రియ ఆమ్లాలు రాగిని వెంట తీసుకుపోతాయి. బాగా మాగిన ఎరువు చాలావరకు లోహాన్ని పట్టి ఉంచుతుంది.

సున్నం వేయాలా

సీసం, జింకు, కాడ్మియం, రాగి సమస్య అయితే పీహెచ్‌ను 6.5 దగ్గరికి తేవడం అన్నిటికన్నా చవకైన ఉపాయం. మట్టిని చిన్న డబ్బాల్లో తీసుకుని కిలోకు అర గ్రాము, ఒకటి, రెండు గ్రాముల సున్నపురాయి పొడి కలిపి, తడిపి, రెండు మూడు వారాల తరువాత పీహెచ్ చూసుకోవాలి. కిలోకు ఒక గ్రాము అంటే 15 సెంటీమీటర్ల పొరకు ఎకరానికి సుమారు 900 కిలోలు. ఏడు దాటనివ్వకండి, అప్పుడు పైరుకు కావలసిన జింకు, ఇనుము కూడా అందకుండా పోతాయి. ఆర్సెనిక్, క్రోమేట్ ఉన్న నేలకు సున్నం వేయనే వేయకూడదు.

ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే మరో మాట గట్టిగా చెప్పాలి. మట్టి ఎంత గట్టిగా పట్టుకున్నా, ఆ మట్టి నోట్లోకి పోతే కడుపులోని ఆమ్లం సీసాన్ని విడిపిస్తుంది. ఇళ్ల రంగుల్లో సీసాన్ని పది లక్షల్లో 90 భాగాలకు పరిమితం చేసే నిబంధన 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది; అంతకుముందు వేసిన రంగు పెచ్చులు రాలిన గోడ పక్కన పిల్లలను మట్టిలో ఆడనివ్వకూడదు, ఆకుకూరలు వేయకూడదు, ఎక్కడ పండినవైనా ఆకుకూరలను మన్ను పోయేదాకా కడగాలి.

ప్రయోగం ముగిశాక ద్రావణాలన్నీ ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోసి, ఈడీటీఏ కలిసిన వాటిని మాత్రం వేరే డబ్బాలో ఉంచాలి, ఎందుకంటే అది లోహాన్ని అడుగుకు దిగనివ్వదు. మొదటి డబ్బాలో సున్నపుతేటతో పీహెచ్‌ను 9.5 దాకా పెంచి ఒక రోజు కదపకుండా ఉంచితే లోహాలు అడుగుకు చేరతాయి. పైనీటిలో లోహం మిగిలిందో లేదో కొలిచి చూసిన తరువాతే దాన్ని వదలాలి. అడుగు మడ్డిని, వాడిన మట్టిని, ఈడీటీఏ డబ్బాను పేరు, తేదీ రాసి ప్రయోగశాల ప్రమాదకర వ్యర్థాలతో పాటు అప్పగించాలి.